బాటిల్ పోస్తే ఇంజిన్ కడుగుతుందా? నూరేళ్ళ నాటి ఆశ

ఇవాళ్టి కథ పెట్రోల్ బంకులో మొదలవుతుంది.

మీకూ అనుభవమే అనుకుంటా. బండి ఆపి, మీటర్‌లో సున్నా చూసుకుంటూ ఉంటాం. అదే టైమ్‌కి ఒక కుర్రాడు అరచేతిలో పట్టేంత బాటిల్ పట్టుకుని పక్కకొచ్చి నిలబడతాడు. "సార్, ఇంజిన్ క్లీనర్ సార్. పికప్ బాగుంటుంది, మైలేజ్ పెరుగుతుంది, ట్యాంక్‌లో పోసెయ్యమంటారా?" అని అడుగుతాడు. మనం అతనికి జవాబు చెప్పేలోపు మీటర్ సగం తిరిగిపోతుంది, అది వేరే కథ.

ఆ బాటిల్‌లో ఏముంటుంది? నిజంగా కడుగుతుందా? ఈ ప్రశ్నకి యూట్యూబ్‌లో వెయ్యి జవాబులు దొరుకుతాయి. నాకు మాత్రం వాటికంటే దాని చరిత్రే ఎక్కువ చెప్పిందనిపించింది. ఎందుకంటే ఈ బాటిల్ నిన్న మొన్న పుట్టింది కాదు, దీనికి నూరేళ్ళు దాటాయి.

ముందు మా ఇంట్లో జరిగింది చెప్తాను. మా మామయ్య దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్న చిన్న పెట్రోల్ కారు ఉండేది, కార్బురేటర్ బండి. ఆయిల్ మార్చే విషయంలో ఆయన కొంచెం బద్ధకస్తుడు. ఒకసారి బండి బరువుగా లాగుతోందని షెడ్డుకి తీసుకెళ్ళాడు, నేనూ వెంట వెళ్ళాను. మెకానిక్ ఆయిల్ మూత తీసి వేలు పెట్టి చూపించాడు. "అన్నా, లోపలంతా మడ్డి పేరుకుపోయింది. ఇంజిన్ ఆయిల్‌లో అర లీటరు కిరసనాయిలు పోసి పది నిమిషాలు ఆన్‌లో ఉంచితే మొత్తం కడిగేస్తుంది" అన్నాడు.

"ఏమీ అవ్వదు కదరా?" అన్నాడు మామయ్య.

"ఏమీ కాదన్నా, ఎన్ని బళ్ళకి చేశాం."

చేశారు. తర్వాత కింద బోల్టు విప్పితే తారులాంటి నూనె కారింది. మామయ్య మొహం వెలిగిపోయింది. "చూశావురా అల్లుడూ, ఎంత మురికి వచ్చిందో!" అన్నాడు. నాకూ నిజమే అనిపించింది. కళ్ళ ముందు కనిపిస్తోంది కదా మరి.

పన్నెండు రోజులకి, ఏలూరు దాటాక హైవే మీద, డ్యాష్‌బోర్డు మీద ఎర్రటి ఆయిల్ లైటు వెలిగింది. ముందు ఊరి దాకా వెళ్ళి చూద్దాం అనుకున్నాడు. ముందు ఊరు రాలేదు. టకటకమని శబ్దం వచ్చింది, ఇంజిన్ పట్టేసింది. వేరే మెకానిక్ ఆయిల్ చాంబర్ దించి చూపిస్తే అసలు సంగతి తెలిసింది. పంపు నూనె పీల్చుకునే చోట ఒక జల్లెడ ఉంటుంది. దాని నిండా మడ్డి పెళ్ళలు. నూనె పైకి వెళ్ళే దారి మూసుకుపోయింది, బేరింగులు పోయాయి, క్రాంక్ గీతలు పడింది. ఆ ఏడాది మా అక్క పెళ్ళికి దాచిన డబ్బులో కొంత ఆ ఇంజిన్‌కి వెళ్ళిపోయింది. మా అత్తయ్య ఆ మాట ఇప్పటికీ ఎత్తుతుంది.

అంటే కిరసనాయిలు పని చెయ్యలేదనా? చేసింది. అక్కడే ఉంది చిక్కంతా.

చేతికి పెయింట్ అంటుకుంటే కిరసనాయిలుతో తుడుస్తాం. జిడ్డు గిన్నెకి సబ్బు వాడతాం. రెండూ శుభ్రం చేస్తాయి గానీ చేసే తీరు వేరు. మొదటిది సాల్వెంట్. అది మురికిని కరిగిస్తుంది, కరగనిదాన్ని మెత్తబరిచి ఊడదీస్తుంది. ఊడినది ఎక్కడికి పోతుందో దానికి పట్టదు. రెండోది డిటర్జెంట్. దాని అణువుకి ఒక కొస మురికిని పట్టుకుంటుంది, రెండో కొస చుట్టూ ఉన్న ద్రవంలో కలిసి ఉంటుంది. అందుకే మురికి చిన్న చిన్న రేణువులుగా తేలుతూ బయటికి పోతుంది తప్ప ఒకచోట ముద్ద కట్టదు. మామయ్య ఇంజిన్‌లో జరిగింది మొదటి రకం శుభ్రం. పైగా కిరసనాయిలు కలిసిన నూనె పలచబడుతుంది, లోహం మీద నిలవాల్సిన పొర సరిగా నిలవదు. ఈ రెండు రకాల మధ్య తేడా తెలుసుకోవడానికి కార్ల ప్రపంచానికి కొన్ని దశాబ్దాలు పట్టింది.

ఇప్పుడు వెనక్కి, 1913కి వెళ్దాం. అమెరికాలో కార్లు పెరిగిపోతున్నాయి, ముడిచమురు నుంచి మామూలుగా వచ్చే పెట్రోల్ చాలట్లేదు. అప్పుడు విలియం బర్టన్ అనే కెమిస్టు బరువైన నూనెని వేడితో, ఒత్తిడితో విరగ్గొట్టి పెట్రోల్ తీసే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. దీన్నే క్రాకింగ్ అంటారు. పెట్రోల్ దిగుబడి బాగా పెరిగింది. కానీ ఇలా తయారైన పెట్రోల్‌లో ఒక గుణం ఉంది. గాలి తగిలి నిల్వ ఉంటే అది మెల్లగా జిగురుగా మారుతుంది. ఆ జిగురు కార్బురేటర్ జెట్‌లో, వాల్వుల మీద పేరుకుంటుంది. పెట్రోల్ వెళ్ళే రంధ్రం గుండుసూది మొనంత ఉంటే, కొంచెం జిగురు చాలు బండి ఆగిపోవడానికి.

అది చాలదన్నట్టు 1923 ఫిబ్రవరిలో ఒహాయో రాష్ట్రంలోని డేటన్‌లో సీసం కలిపిన పెట్రోల్ అమ్మకం మొదలైంది. ఇంజిన్ కొట్టుకునే శబ్దం తగ్గింది గానీ, సీసం బూడిద ప్లగ్గుల మీద, వాల్వుల మీద గార కట్టింది. దాన్ని ఊడ్చుకెళ్ళడానికి ఇంకో రసాయనం, ఇథిలీన్ డైబ్రోమైడ్, కలపాల్సి వచ్చింది. సీసం మనుషుల ఒంట్లోకి ఎలా పోయిందన్నది పూర్తిగా వేరే ఎపిసోడ్. మన దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్మాలన్న రోజు రావడానికి 2000 ఫిబ్రవరి దాకా ఆగాల్సి వచ్చింది, ఇప్పటికి ఇది చాలు.

సరిగ్గా ఆ 1923లోనే అమెరికాలో ఒక ఎర్రటి నూనె బాటిల్ మొదలైంది. పేరు మార్వెల్ మిస్టరీ ఆయిల్. పేరులోనే మిస్టరీ ఉంది చూశారా! కార్బురేటర్లు చేసే మనిషే దీన్ని తయారుచేశాడని, జెట్లు మూసుకుపోతున్నాయన్న ఫిర్యాదులకి మందుగా పుట్టిందని కంపెనీ చెప్పుకుంటుంది. ఇవాళ దాని సేఫ్టీ షీట్ చూస్తే మిస్టరీ పెద్దగా లేదు. ఎక్కువ భాగం పలచటి మినరల్ ఆయిల్, కొంత మినరల్ స్పిరిట్స్, అంటే పెయింట్ పలచబరచడానికి వాడే లాంటి సాల్వెంట్. తర్వాత 1940లలో మిన్నెసోటాలో సీ ఫోమ్ వచ్చింది. అక్కడ సరస్సులెక్కువ, పడవ మోటార్లెక్కువ. చలికాలమంతా మూలన పడున్న మోటారులో పెట్రోల్ జిగురైపోతుంది, అదీ వాళ్ళ బాధ. ఈ రెండు బాటిళ్ళూ ఇప్పటికీ అమ్ముడవుతున్నాయి.

నా ఉద్దేశంలో వీటిని పూర్తిగా మోసం అనలేం. ఆ కాలపు పెట్రోల్‌కి, ఆ కాలపు కార్బురేటర్‌కి సాల్వెంట్ కొంత పనికొచ్చే ఉంటుంది. జబ్బు నిజమే, మందూ ఏదో ఒక మేరకి నిజమే.

ఇంజిన్ ఆయిల్ సంగతి వేరు. మొదట్లో ఇంజిన్ ఆయిల్ అంటే వట్టి నూనె. మురికి అడుక్కి దిగి మడ్డిగా పేరుకునేది, అప్పుడప్పుడు చాంబర్ దించి గీకేవాళ్ళు. 1930లలో కాటర్‌పిల్లర్ డీజిల్ ట్రాక్టర్లు వచ్చాయి. వాటి వేడికి పిస్టన్ రింగులు మసితో అతుక్కుపోయేవి. దానికి విరుగుడుగా ఆ దశాబ్దం మధ్యలో స్టాండర్డ్ ఆయిల్ ఆఫ్ కాలిఫోర్నియా, అంటే ఇప్పటి షెవ్రాన్, నూనెలోనే డిటర్జెంట్ కలిపింది. డెలో అనే పేరు విన్నారా? ఆ నూనె ఇదే. ఇక్కణ్ణుంచి ఒక పెద్ద మార్పు వచ్చింది. ఇంజిన్‌ని ఎప్పుడో ఒకసారి కడగడం పోయి, నడుస్తుండగానే నూనె కడుగుతూ ఉండడం వచ్చింది. డిటర్జెంట్ ఆయిల్ నల్లబడిందంటే మసిని తనలో పట్టుకుని తేలుస్తోందని అర్థం. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన ఘట్టం. 1970, అమెరికా.

దానికి ముందు కాలిఫోర్నియా గాలి దారుణంగా ఉండేది. ఇంజిన్ అడుగు నుంచి బయటికి పోయే ఆవిర్లని మళ్ళీ లోపలికే పంపే ఏర్పాటు 1961 మోడల్ కార్ల నుంచి అక్కడ మొదలైంది. గాలికి మంచిదే. కానీ ఆ నూనె ఆవిర్లు కార్బురేటర్ గొంతులో మసి పెట్టేవి, దాంతో పెట్రోల్, గాలి పాళ్ళు తప్పేవి, పొగ పెరిగేది. దీనికి షెవ్రాన్ కొత్త డిటర్జెంట్ తయారుచేసి పెట్రోల్‌లో కలిపింది. పేరు ఎఫ్-310. రసాయనం పాలీబ్యూటీన్ అమీన్. అది పనిచేసే రసాయనమే, దాని బంధువులు ఇవాళ్టికీ వాడుకలో ఉన్నాయి.

తేడా వచ్చింది టీవీ ప్రకటనలో. ప్రకటనలో నిలబడ్డది ఎవరనుకున్నారు? స్కాట్ కార్పెంటర్. 1962లో భూమి చుట్టూ తిరిగొచ్చిన వ్యోమగామి. అలాంటి మనిషి చెప్తే ఎవరు నమ్మరు? కారు సైలెన్సర్‌కి పెద్ద ప్లాస్టిక్ సంచి కట్టారు. మామూలు పెట్రోల్‌తో నడిపితే సంచి నల్లటి పొగతో నిండింది. ఎఫ్-310తో ఆరు ట్యాంకులు వాడాక మళ్ళీ కట్టారు. ఈసారి సంచి గాజులా తేటగా ఉంది. ఇంకో ప్రకటనలో ఒక మీటర్. ముళ్ళు 100 దగ్గర మురికి, ఆరు ట్యాంకుల తర్వాత 20.

అమెరికాలో వ్యాపార ప్రకటనల మీద కన్నేసి ఉంచే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దీని మీద కేసు పెట్టింది. కమిషన్ వాదన వింటే చిన్నప్పుడు చదివిన సైన్సు గుర్తొస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు. కాలని హైడ్రోకార్బన్ ఆవిర్లు చాలామటుకు కంటికి కనిపించవు. తేటగా ఉన్న ఆ సంచిలో కూడా విషవాయువులు ఉన్నాయి. చూసేవాడికి మాత్రం కాలుష్యం పూర్తిగా పోయినట్టు కనిపిస్తుంది. పైగా 'ముందు' చూపించిన కారు మామూలు కారు కాదు, మురికి పట్టేలా ప్రత్యేకంగా చేసిన పెట్రోల్‌తో నడిపిన కారు. మీటర్ చూస్తే 80 శాతం తగ్గిందనిపిస్తుంది, అసలు తగ్గుదల అంత లేదు.

1974లో కమిషన్ ఆ ప్రకటనలు తప్పుదారి పట్టించేవే అని తీర్పిచ్చింది. కంపెనీ, దాని ప్రకటనల ఏజెన్సీ అప్పీలుకి వెళ్ళాయి. 1978లో అప్పీలు కోర్టు మోసం జరిగిందన్న నిర్ణయాన్ని నిలబెట్టింది, కాకపోతే కమిషన్ వేసిన ఆంక్షలు మరీ విశాలంగా ఉన్నాయని వాటిని కుదించింది. నాకు ఇందులో ఆసక్తిగా అనిపించేది ఒకటుంది. మందు పనిచేస్తుందా లేదా అన్నది ఇక్కడ అసలు గొడవే కాదు. మురికి బండిలో అది కొంత పొగ తగ్గిస్తుందని అందరూ ఒప్పుకున్నారు. గొడవంతా కళ్ళ ముందు పెట్టిన సాక్ష్యం గురించి. నల్ల సంచి, తెల్ల సంచి. ఈ కేసు చదువుతున్నంతసేపూ మామయ్య బండి కింద కారిన ఆ నల్ల నూనే నా కళ్ళ ముందు మెదిలింది.

తర్వాత 1980లలో కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్టర్లు వచ్చాయి. బండి ఆపేశాక ఇంజిన్ వేడికి ఇంజెక్టర్ మూతి దగ్గర మిగిలిన పెట్రోల్ చుక్క మాడి గట్టిపడుతుంది. పాల గిన్నె అడుగంటినట్టు. రోజూ కొంచెం కొంచెం పేరుకుంటే చాలు, పిచికారీ వంకర పోతుంది. మామూలు సాల్వెంట్‌కి అది లొంగదు. పాలీఈథర్ అమీన్ అనే డిటర్జెంట్లు అందుకే పైకొచ్చాయి. బీఎండబ్ల్యూ అయితే 318ఐ కారుని 10,000 మైళ్ళు నడిపి, వాల్వులు ఊడదీసి, వాటి మీద ఎన్ని మిల్లీగ్రాముల మసి ఉందో తూకం వేసే పరీక్షే పెట్టింది. సంచీ లేదు, వ్యోమగామీ లేడు, త్రాసు ఒక్కటే.

1995 నుంచి అమెరికాలో అమ్మే పెట్రోల్ అంతటిలోనూ డిటర్జెంట్ ఉండాలని చట్టం చేశారు. అది వచ్చాక కొన్ని ఆయిల్ కంపెనీలు అంతకుముందు ఎక్కువ కలిపేవి కూడా చట్టం చెప్పిన కనీస పాళ్ళకి దిగిపోయాయట. అది చాలదని 2004లో బీఎండబ్ల్యూ, జనరల్ మోటార్స్, హోండా, టొయోటా కలిసి టాప్ టియర్ అనే కఠినమైన ప్రమాణం తెచ్చాయి. హద్దు కిందికి గీస్తే అందరూ హద్దు మీదే నిలబడతారు, మన దగ్గరా చూస్తూనే ఉంటాం.

ఇక మన సంగతి. అమెరికాలో సాల్వెంట్ అంటే జనం కొనుక్కుని పోసుకున్నది. మన దగ్గర అడక్కుండానే మన ట్యాంకులో పడింది. రేషన్ కిరసనాయిలు ధరకీ పెట్రోల్, డీజిల్ ధరలకీ మధ్య పెద్ద తేడా ఉన్న రోజుల్లో, ఆ తేడాయే కొందరికి వ్యాపారమైంది. కిరసనాయిలుతో పాటు పెయింట్ పరిశ్రమలకి వెళ్ళాల్సిన సాల్వెంట్లు, నాఫ్తా లాంటివి దారి తప్పి బంకులకి చేరేవి. పెట్రోల్‌లో కిరసనాయిలు కలిస్తే ఏమీ కడగదు. పూర్తిగా కాలక మసి పెడుతుంది, ఇంజిన్ కొట్టుకుంటుంది. 2000లో కేంద్రం ఒక ఉత్తర్వు తెచ్చింది. దాని పేరే సాల్వెంట్, రాఫినేట్, స్లాప్‌ల ఉత్తర్వు, అందులోనే వాహనాల్లో వాడకాన్ని అరికట్టడం అని రాసి ఉంటుంది.

చట్టం కాగితం మీద ఉంది. దాన్ని అమలు చెయ్యడానికి బంకు దాకా ఒక మనిషి నడిచి వెళ్ళాలి కదా. షణ్ముగం మంజునాథ్ అలా వెళ్ళినవాడు. లక్నో ఐఐఎంలో చదివి ఇండియన్ ఆయిల్‌లో సేల్స్ ఆఫీసర్‌గా చేరాడు. ఉత్తరప్రదేశ్‌లోని లఖీంపూర్ ఖేరీ జిల్లాలో కల్తీ చేస్తున్న బంకుకి సీలు వేయించాడు. 2005 నవంబర్ 19న అతన్ని కాల్చి చంపారు. వయసు 27. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, 2015లో దోషుల శిక్షలు ఖాయమయ్యాయి. 2011 జనవరి 25న మహారాష్ట్రలో మన్మాడ్ దగ్గర అడిషనల్ కలెక్టర్ యశ్వంత్ సోనవణే చమురు కల్తీ చేస్తున్నవాళ్ళని పట్టుకోబోతే, ఆయన మీద కిరసనాయిలు పోసి తగలబెట్టారు. రిపబ్లిక్ డేకి ఒక్క రోజు ముందు. ఈ ఎపిసోడ్ కోసం చదువుతూ నేను కాసేపు ఆగిపోయింది ఇక్కడే. ఇంజిన్‌లో మడ్డి గురించి మొదలుపెట్టిన కథ ఇంత దూరం వస్తుందనుకోలేదు.

ఇక ఇవాళ్టి బండి. మీ బండికి పోర్ట్ ఇంజెక్షన్ ఉంటే ట్యాంకులో పోసే మంచి డిటర్జెంట్ ఇంజెక్టర్లనీ, వాల్వులనీ చేరుతుంది. ఇప్పటి చాలా టర్బో పెట్రోల్ కార్లలో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకే పడుతుంది, వాల్వుకి తగలదు. కాబట్టి ట్యాంకులో ఏ బాటిల్ పోసినా ఆ వాల్వు మీద మసి కదలదు. బాటిల్ మీద ఈ ముక్క సాధారణంగా రాయరు. ఇంకోటి, ఇప్పుడు మనం కొట్టించుకునే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ కూడా మంచి సాల్వెంటే. పాత బండి ట్యాంకులో ఏళ్ళ తరబడి అంటుకున్న జిగురునీ తుప్పునీ కదిలించి ఫిల్టర్‌కి తెచ్చిపెట్టగలదు. మీ నాన్నగారి పాత బండి ఈమధ్య మొరాయిస్తుంటే, బాటిల్ కొనేముందు ఫ్యూయల్ ఫిల్టర్ చూపించండి.

మొన్న సంక్రాంతికి ఇదంతా మామయ్యకి చెప్పాను. ఆయన గారె తింటూ శ్రద్ధగా విన్నాడు.

"మరయితే ఆ రోజు నేనేం చెయ్యాల్సిందిరా?"

మంచి డిటర్జెంట్ ఆయిల్ పోసి, వెయ్యి, పదిహేను వందల కిలోమీటర్లకే మార్చేసి, అలా రెండు మూడుసార్లు చేస్తే మెల్లగా దిగేది, మరీ ఎక్కువుంటే చాంబర్ దించి జల్లెడ చేత్తో కడిగించాల్సింది అన్నాను. ఆ నల్ల నూనె కూడా కిరసనాయిలు పొయ్యకపోయినా నల్లగానే వచ్చేది మామయ్యా, అన్నాను.

ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నవ్వాడు. "ఆ నల్ల నూనె చూసొచ్చి మా ఆఫీసులో పదిమందికి చెప్పాను. ఇద్దరు అదే షెడ్డుకి వెళ్ళి చేయించుకున్నారు కూడా."

వాళ్ళ బళ్ళకి ఏమైందని అడిగాను.

ఏమీ కాలేదట. ఒకాయన కారు ఇప్పటికీ నడుస్తోందట.

సరే, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.